వనస్థలిపురం దగ్గర 160 గజాల పాత ఇల్లు, 1.72 కోట్లు చెబుతున్నారు. అంత చేస్తుందా?

మూడో_అంతస్తు | జూన్ 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్ళుగా లిఫ్ట్ లేని మూడో అంతస్తులో అద్దెకుంటున్నాం. అమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి. కిందే గది ఉండే ఇండిపెండెంట్ ఇల్లు కోసం ఏడాదిగా తిరుగుతుంటే వనస్థలిపురం దగ్గర ఒక కాలనీలో ఒకటి నచ్చింది. 160 గజాలు, పడమర ఫేసింగ్, ముందు 30 అడుగుల రోడ్డు. డాక్యుమెంట్ ప్రకారం 30 అడుగుల వెడల్పు, 48 అడుగుల పొడవు. కింద 950 చదరపు అడుగులు 1999లో కట్టారు. పైన 650 అడుగులు 2009లో వేశారు.

చెబుతున్న ధర 1.72 కోట్లు. స్థలం గజం 90 వేల చొప్పున 1.44 కోట్లు, ఇల్లు 28 లక్షలు అని వాళ్ళ లెక్క. రిజిస్ట్రేషన్ కోసం సర్కారు కట్టిన విలువ చూస్తే అందులో సగం కూడా లేదు. యాప్‌లలో అదే కాలనీకి గజం 75 వేల నుంచి లక్షా పది వేల దాకా కనిపిస్తోంది. మధ్యవర్తి మాత్రం ఆదివారంలోపు బయానా ఇవ్వకపోతే వేరే పార్టీ రెడీగా ఉందంటున్నాడు. అసలు ఒక ఇల్లు ఎంత చేస్తుందో కొనేవాడు ఎలా తెలుసుకోవాలి?

సరూర్‌నగర్_అన్న | జూన్ 3, రాత్రి 10:05

ఆ వేరే పార్టీ హైదరాబాద్‌లో ప్రతి ఇంటికీ ఉంటది అన్నా. నేను ఇల్లు చూసినప్పుడు కూడా ఉండె. ఆరు నెలల తర్వాత అదే ఇంటికి అదే మధ్యవర్తి మళ్ళా నాకే ఫోన్ చేసిండు.

యాప్‌లో కనిపించేది అమ్మేటోళ్ళు అడిగే రేటు, అమ్ముడుపోయిన రేటు కాదు. ఒక పని చెయ్. ఆ కాలనీలో ఇంకో ఇద్దరు మధ్యవర్తులకు ఫోన్ చేసి, కొంటా అని చెప్పకు. "మా బాబాయిది ఇదే లైన్‌లో 160 గజాల పాతిల్లు ఉంది, నెలలో అమ్మాలి, ఎంత ఇప్పిస్తారు" అని అడుగు. కొంటానంటే ఒక రేటు, అమ్ముతానంటే ఒక రేటు. రెండింటి నడుమ ఉంటది అసలుది.

ఇంకోటి, సందు మొగన ఇస్త్రీ బండి ఉంటే ఆయన దగ్గర పది నిమిషాలు నిలబడు. ఎవరు ఎంతకు అమ్ముకుని పోయిండ్రో సబ్ రిజిస్ట్రార్‌కన్నా ఆయనకే ఎక్కువ తెలుస్తది.

ఈఎంఐ_బాధితుడు | జూన్ 3, రాత్రి 11:20

ఆదివారం బయానా ఇవ్వొద్దు. దయచేసి ఇవ్వొద్దు. 2022లో నేను చేసిన పని చెబుతాను.

98 లక్షలకి మాట్లాడుకుని 5 లక్షలు ఇచ్చేశాను. లోన్ 75 లక్షలు వస్తుందని ధీమా. బ్యాంకు తన వాల్యూయర్‌ని, అంటే ఇంటికి విలువ కట్టే మనిషిని, పంపింది. ఆయన ఇరవై నిమిషాలు తిరిగి, నాలుగు ఫోటోలు తీసుకుని, 84 లక్షలు వేశాడు. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు లోన్‌కి ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంక్ రూలు. మనం అనుకున్న ధర, వాల్యూయర్ వేసిన విలువ, రెండింటిలో ఏది తక్కువైతే దాని మీదే లెక్క. అలా 67 లక్షల దగ్గర ఆగిపోయింది. పైగా రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం, అదీ లోన్‌లోకి రాదు. బయానా వదులుకోలేక మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి కొన్నాం. ఆ నెల రోజుల టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

మీది 75 లక్షలు దాటే లోన్ అయితే విలువలో 75 శాతమే ఇస్తారు. ముందు ఆ లెక్క వేసుకోండి.

పాత_ఇంజినీరు | జూన్ 4, ఉదయం 6:15

నేను ఇరవై రెండేళ్ళు బ్యాంకుల ప్యానెల్‌లో వాల్యుయేషన్ చేసినవాణ్ణి. ఇప్పుడు మానేశాను. పై మిత్రుడి ఇంటికి వెళ్ళింది నేను కాదు లెండి.

స్థలాన్ని, కట్టడాన్ని విడదీయండి. స్థలం ధర పెరుగుతుంది, కట్టడం ధర ఏటా తరుగుతుంది. అమ్మేవాళ్ళు రెండూ పెరిగినట్టే చెబుతారు, అక్కడే మోసపోతాం.

కట్టడం లెక్క ఇలా వేస్తాం. ఆర్‌సీసీ ఇంటికి ఆయుష్షు 60 ఏళ్ళు అనుకుంటాం. ఆయుష్షు తీరాక కూడా ఇనుము, తలుపులు, రాయి వగైరా కలిపి 10 శాతం విలువ మిగులుతుందని తీసుకుంటాం. మిగతా 90 శాతాన్ని 60 ఏళ్ళకి పంచితే ఏడాదికి ఒకటిన్నర శాతం తరుగు. ఇవాళ మీ ఏరియాలో మామూలు రకం కట్టుబడి చదరపు అడుగుకి 1,900 అనుకుందాం. మీ మేస్త్రీని అడిగి సరిచేసుకోండి.

కింద 950 అడుగులు కొత్తగా కడితే 18.05 లక్షలు. 26 ఏళ్ళకి 39 శాతం తరుగు పోతే దాదాపు 11 లక్షలు. పైన 650 అడుగులకి 12.35 లక్షలు. 16 ఏళ్ళకి 24 శాతం పోతే 9.4 లక్షలు. మొత్తం 20.4 లక్షలు. వాళ్ళు 28 అంటున్నారు.

స్థలం గజం ఎంతో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. 80 వేలు అయితే 1.28 కోట్లు, ఇల్లు కలిపితే 1.48 కోట్లు. 90 వేలైతే 1.64 కోట్లు. చూశారుగా, గజం మీద పదివేలు తేడా వస్తే 16 లక్షలు కదిలింది. ఇంటి మీద ఎంత బేరమాడినా ఏడెనిమిది లక్షలే. కాబట్టి మీ శ్రమంతా గజం రేటు కనుక్కోవడం మీద పెట్టండి. రోజువారీ బేరంలో మనవాళ్ళు మోడ్యులర్ కిచెన్ గురించి గంట మాట్లాడతారు, గజం రేటు మాత్రం మధ్యవర్తి చెప్పిందే ఖాయం చేసుకుంటారు.

గజం_లెక్క | జూన్ 4, ఉదయం 8:50

ఇంజినీరు గారి మీద గౌరవంతోనే అంటున్నా, పాతికేళ్ళు దాటిన ఇంటికి హైదరాబాద్‌లో కట్టడం విలువ సున్నా. కొనేవాళ్ళలో సగం మంది పడగొట్టి కడతారు. పడగొట్టడానికి ఎదురు ఖర్చు. స్థలం ధరకి ఇస్తే తీసుకోండి, లేదంటే వదిలేయండి.

ఇంకో లెక్క. కింద 14 వేలు, పైన 9 వేలు అద్దె వస్తుందనుకుందాం. ఏడాదికి 2.76 లక్షలు. 1.72 కోట్ల మీద ఒకటిన్నర శాతం పైచిలుకు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకుని హాయిగా అద్దెకుండొచ్చు.

పాత_ఇంజినీరు | జూన్ 4, ఉదయం 9:30

పడగొట్టేవాడికి సున్నా, నిజమే. ఈ అబ్బాయి పడగొట్టడం లేదు, వాళ్ళమ్మని తీసుకుని రేపే దిగాలనుకుంటున్నాడు. అదే సైజు కొత్తగా కట్టాలంటే 30 లక్షలు, ఏడాది అద్దె, మేస్త్రీ వెనక తిరుగుడు. ఆయనకి ఆ ఇల్లు 20 లక్షలు చేస్తుంది. ఎవరికి ఎంత చేస్తుందన్నది ఎవరు కొంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

అద్దె లెక్క షాపులకీ హాస్టళ్ళకీ బాగా పనికొస్తుంది. మన ఊళ్ళల్లో ఉండే ఇంటిని ఆ తూకంలో వేస్తే ఒక్కటీ కొనలేం.

దస్తావేజు | జూన్ 4, మధ్యాహ్నం 2:10

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా డాక్యుమెంట్ రైటర్‌గా పదిహేనేళ్ళు. గజం రేటు కనుక్కోవడానికి ఎవరూ వాడని దారి ఒకటి చెబుతాను.

రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఈసీ, అంటే ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, తీస్తే 1983 నుంచి లావాదేవీలు వస్తాయి. అందరూ కొనే ఇంటి ఈసీ మాత్రమే తీస్తారు. మీరు అదే లైన్‌లో ఈమధ్య చేతులు మారిన ఇళ్ళవి కూడా తీయండి. అందులో డాక్యుమెంట్‌లో రాసిన ధర ఉంటుంది. ఆ ధరని నమ్మొద్దు, చాలామంది సర్కారు విలువకి దగ్గరగా రాయిస్తారు. దాని కింద బ్యాంకుకి తనఖా పెట్టిన ఎంట్రీ ఉందేమో చూడండి, అందులో లోన్ మొత్తం ఉంటుంది. కొన్నవాడు అబద్ధం రాయించినా బ్యాంకు ఉత్తినే డబ్బివ్వదు.

ఉదాహరణకి 140 గజాల ఇంటి మీద 84 లక్షల లోన్ కనిపించిందనుకోండి. 75 శాతం రూలు... కాదు, ఆగండి, 75 లక్షలు దాటింది కాబట్టి అవును, 75 శాతమే. అంటే బ్యాంకు లెక్కలో ఆ ఇల్లు కనీసం 1.12 కోట్లు. అందులోంచి కట్టడం విలువ తీసేస్తే గజం రేటు అడుగంచు తెలిసిపోతుంది.

ఇంకో ప్రశ్న. పైన 2009లో వేసిన 650 అడుగులకి పర్మిషన్ ఉందా?

మూడో_అంతస్తు | జూన్ 4, రాత్రి 8:30

అందరికీ చాలా థాంక్స్. ఆదివారం బయానా ఇవ్వనని చెప్పేశాను. మధ్యవర్తి అలిగాడు.

ప్లాన్ అడిగితే 1999 నాటి కాగితం ఇచ్చారు, గ్రౌండ్ ఫ్లోర్‌కి మాత్రమే. పైదానికి పర్మిషన్ ఏదంటే "అప్పట్లో అందరూ అలాగే వేసుకున్నారు, బీఆర్ఎస్‌కి అప్లై చేశాం, రసీదు ఉంది" అన్నారు. దాంతో సరిపోతుందా?

ఇంకో సంగతి, "డాక్యుమెంట్ 90 లక్షలకి చేద్దాం, మిగతాది క్యాష్" అంటున్నారు.

దస్తావేజు | జూన్ 4, రాత్రి 9:15

బీఆర్ఎస్ అంటే పార్టీ అనుకునేరు ఎవరైనా, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్. 2015లో అప్లికేషన్లు తీసుకున్నారు, వ్యవహారం హైకోర్టులో పడింది. రసీదు ఉంటే అప్లై చేసినట్టు, అంతే. రెగ్యులరైజ్ అయినట్టు కాదు. మామూలుగా బ్యాంకు వాల్యూయర్ పర్మిషన్ ఉన్న అంతస్తుకే విలువ కడతాడు. ఆస్తి పన్ను రసీదు కూడా అడగండి, అందులో అక్రమ కట్టడం పెనాల్టీ పడుతోందేమో తెలుస్తుంది.

క్యాష్ సంగతి. 90కి రాస్తే లోన్ 90 మీదే వస్తుంది, మిగతా 80 లక్షలు ఎక్కణ్ణుంచి తెస్తారు? ఇల్లూ స్థలం లావాదేవీలో 20 వేలు, ఆ పైన నగదు తీసుకుంటే ఇన్‌కంట్యాక్స్ వాళ్ళు అంతే మొత్తం జరిమానా వేయొచ్చు. అదీగాక రేపు మీరు అమ్మినప్పుడు మీ కొన్న ధర 90 లక్షలే అవుతుంది, తేడా అంతా లాభం కింద పన్ను. వాళ్ళు తప్పించుకున్న పన్ను మీ మెడకి చుట్టుకుంటుంది. 50 లక్షలు, ఆ పైన అయితే అమ్మేవాళ్ళకిచ్చే డబ్బులోంచి మీరే ఒక శాతం టీడీఎస్ (పన్ను) పట్టుకుని సర్కారుకి కట్టాలి, అది మర్చిపోకండి. అమ్మేది ఎన్నారై అయితే ఆ లెక్క వేరు.

బెజవాడ_బుజ్జి | జూన్ 5, ఉదయం 7:40

మాది సింగ్‌నగర్ అండి. 2024 సెప్టెంబరులో బుడమేరు మా హాల్లో ఉంది. కాబట్టి నా సలహా ఒక్కటే, ఆ వీధిలోకి ఎప్పుడైనా నీళ్ళొచ్చాయా అడగండి. మీకు 2020 అక్టోబరు వానలు గుర్తున్నాయిగా.

అమ్మేవాళ్ళు చెప్పరు. గోడలే చెబుతాయి. కొత్త రంగు ఇల్లంతా వేశారా, కింద మూడడుగుల వరకే వేశారా చూడండి. చెక్క బీరువా గోడకి ఆనించి ఉంటే పక్కకి జరపమనండి, వెనకాల టీ మరకలాగా అడ్డగీత ఉంటుంది. గుమ్మాల చెక్క కింద భాగం గోటితో నొక్కండి, మెత్తగా దిగితే నీళ్ళు తాగిందన్నమాట. స్విచ్ బోర్డులు మామూలు కన్నా ఎత్తులో కొత్తగా బిగించి ఉన్నా అనుమానించాలి. మా వీధిలో వరద తర్వాత అందరం అదే పని చేశాం.

ఈశాన్యం | జూన్ 5, ఉదయం 10:00

పడమర ఫేసింగ్ అన్నావు నాన్నా. తప్పేమీ లేదు గానీ తూర్పు ఇంటితో సమానంగా డబ్బు పెట్టకు. వీధి పోటు ఉందేమో చూసుకో. నువ్వు వాస్తు నమ్మకపోవచ్చు, రేపు నీ దగ్గర కొనేవాడు నమ్ముతాడు. అప్పుడు వాడు నీకు తగ్గించి ఇస్తాడు. నీకు తగ్గబోయేది ఇప్పుడే నువ్వు తగ్గించుకోవాలి కదా.

గజం_లెక్క | జూన్ 5, ఉదయం 10:20

వాస్తు మీద నాకు నమ్మకం లేదు. ఈ పాయింట్‌కి మాత్రం ఎదురు చెప్పలేకపోతున్నా అమ్మా.

డల్లాస్_డబ్బా | జూన్ 5, ఉదయం 11:45

ఇక్కడ అమెరికాలో అంతా పారదర్శకం అని మావాళ్ళు అనుకుంటారు. టెక్సస్‌లో అమ్మిన ధర బయటపెట్టాలన్న రూలే లేదు. కౌంటీ వాళ్ళు పన్ను కోసం వేసే విలువ ఒకటి, ఇంటి ముందు బోర్డు మీద ధర ఒకటి, బ్యాంకు పంపే అప్రైజర్ వేసేది ఇంకొకటి. తేడా ఎక్కడంటే, కొద్ది డబ్బు కట్టి కొన్ని రోజులు గడువు కొనుక్కుంటాం. ఆ లోపల ఇన్‌స్పెక్టర్‌ని పెట్టి అటక దాకా ఎక్కించి చూపించుకుని, నచ్చకపోతే తప్పుకోవచ్చు. మన దగ్గర ముందు బయానా, తర్వాత పరీక్ష.

ఈఎంఐ_బాధితుడు | జూన్ 5, మధ్యాహ్నం 12:30

మన దగ్గర కూడా పెట్టుకోవచ్చు సర్, అడగం అంతే. అగ్రిమెంట్‌లో "బ్యాంకు వాల్యుయేషన్ ఫలానా మొత్తానికి తగ్గినా, కాగితాల్లో లోపం వల్ల లోన్ రాకపోయినా బయానా ఇన్ని రోజుల్లో వాపసు" అని ఒక వాక్యం రాయించుకుంటే నా గాజులు... మా ఆవిడ గాజులు మిగిలేవి.

ఫ్లాట్_ఫస్ట్‌ఫ్లోర్ | జూన్ 5, సాయంత్రం 6:00

మధ్యలో వస్తున్నందుకు సారీ. ఫ్లాట్‌కి కూడా ఇదే లెక్కా? 12 ఏళ్ళ ఫ్లాట్, 1,250 అడుగులు.

పాత_ఇంజినీరు | జూన్ 5, సాయంత్రం 7:10

అదే, కాకపోతే స్థలం చిన్నది. డాక్యుమెంట్‌లో అన్‌డివైడెడ్ షేర్ (మొత్తం స్థలంలో మీ వంతు) ఎన్ని గజాలో చూడండి. 600 గజాల్లో 20 ఫ్లాట్లు సమానంగా ఉంటే మీకొచ్చేది 30 గజాలు. ఇక 1,250 అన్నది మెట్లు, కారిడార్ లాంటి ఉమ్మడి జాగా కూడా కలిపిన సూపర్ బిల్టప్ అయ్యుంటుంది, గోడల లోపల వాడుకునే కార్పెట్ ఏరియా టేపుతో మీరే కొలుచుకోండి. అపార్ట్‌మెంట్లలో అదే కాంప్లెక్స్‌లో ఈమధ్య అమ్ముడైన ఫ్లాటే అన్నిటికన్నా మంచి కొలబద్ద. దీనికి వేరే పోస్టు మొదలుపెట్టండి, ఇది ఈ అబ్బాయి ఇంటి గోడు.

టేపు అంటే గుర్తొచ్చింది. మూడో అంతస్తు గారూ, స్థలం కొలిచారా?

మూడో_అంతస్తు | జూన్ 5, రాత్రి 9:00

లేదండి. డాక్యుమెంట్‌లో 160 అని ఉందిగా.

పాత_ఇంజినీరు | జూన్ 5, రాత్రి 9:12

కొలవండి. నలువైపులా. గోడ లోపలి నుంచి కాదు, హద్దు నుంచి హద్దుకి. హార్డ్‌వేర్ షాపులో వంద అడుగుల టేపు దొరుకుతుంది.

మూడో_అంతస్తు | జూన్ 22, రాత్రి 10:30

ఆలస్యానికి క్షమించండి. రెండు వారాలు ఇదే పని.

ముందు ఈసీలు. లైన్‌లో మూడు ఇళ్ళవి తీశాను. ఒకదాని మీద 2023 నాటి లోన్ ఎంట్రీ దొరికింది, దస్తావేజు గారు చెప్పిన లెక్క వేస్తే గజం 70 వేలు దాటుతోంది. "బాబాయి ఇల్లు అమ్మాలి" అని ఫోన్ చేస్తే ఒకాయన 76, ఇంకొకాయన 78 అన్నారు. కొంటానంటే వాళ్ళలోనే ఒకాయన 88 అన్నాడు. కాబట్టి 80 దగ్గర పెట్టుకున్నాను.

ఇస్త్రీ ఆయన 2020లో ఆ సందు దిగువన రెండు రోజులు మోకాలి లోతు నీళ్ళున్నాయన్నాడు. బుజ్జి గారూ, మెట్ల కింద గదిలో కింద భాగం మాత్రమే కొత్త రంగు. చెక్క అలమరా జరపమంటే ఇల్లమ్మే పెద్దాయన మొహమాటపడ్డారు. నేనూ మా బావమరిదీ జరిపాం. గీత ఉంది. నేల నుంచి జానెడున్నర.

ఇక టేపు. పొడవు 48 సరిగ్గా ఉంది. వెడల్పు మూడుచోట్ల కొలిచాను, మూడుచోట్లా 28 అడుగుల ఆరు అంగుళాలు. దక్షిణం వైపు పక్కింటివాళ్ళ కాంపౌండ్ గోడ అడుగున్నర లోపలికొచ్చి ఉంది. అంటే 1,368 చదరపు అడుగులు, 152 గజాలు. ఎనిమిది గజాలు లేవు. 80 వేల చొప్పున 6.4 లక్షలు గోడ అవతల ఉన్నాయి.

పెద్దాయనకి చెబితే కాసేపు మాట్లాడలేదు. "ఆ గోడ వాళ్ళ నాన్న కట్టించాడు, మేం అప్పుడు ఊళ్ళో లేం" అన్నారు. ఆయన్ని చూస్తే జాలేసింది. ఆయన కూడా ఇన్నేళ్ళూ 160 అనే అనుకున్నారు.

152 గజాలకి 1.216 కోట్లు, ఇల్లు 20.4 లక్షలు, మొత్తం 1.42 కోట్లు. పర్మిషన్ లేని పై అంతస్తు, తేమ చూసి 1.38 అడిగాను. వాళ్ళబ్బాయి బెంగళూరు నుంచి ఫోన్ చేసి 1.60కి ఒక్క రూపాయి తగ్గం అన్నాడు. అక్కడ ఆగింది.

సరూర్‌నగర్_అన్న | జూన్ 22, రాత్రి 10:50

ఆగనీ అన్నా. ఓ నెల చూడు, మెల్లగా దిగొస్తరు.

మూడో_అంతస్తు | జూలై 19, సాయంత్రం 5:15

దిగిరాలేదు. ఇల్లు అమ్ముడుపోయింది. 1.58 కోట్లకి.

కొన్నది ఎవరో చెప్పుకోండి.

దస్తావేజు | జూలై 19, సాయంత్రం 5:20

పక్కింటాయన.

మూడో_అంతస్తు | జూలై 19, సాయంత్రం 5:24

అవునండి. గోడాయన. నేను టేపు పట్టుకుని నాలుగుసార్లు తిరగడం చూశాడట. మర్నాడే వెళ్ళి పెద్దాయనతో మాట్లాడాడు.

పాత_ఇంజినీరు | జూలై 19, సాయంత్రం 6:40

ఆయనకి 1.58 చేస్తుంది. రెండు స్థలాలూ కలిస్తే 60 అడుగుల ముఖం, 320 గజాలు అవుతుంది. అలాంటి బిట్టుకి గజం రేటే వేరు. పైగా ఆ ఎనిమిది గజాల తగాదా కూడా ఆయనకి లేదు, ఆ స్థలం ఎలాగూ ఆయన దగ్గరే ఉంది. మీ లెక్క తప్పు కాదు. మీకు 1.42కి మించి చెయ్యదు.

ఈశాన్యం | జూలై 19, రాత్రి 7:30

పైగా ఆయనకి అది ఉత్తరం వైపు స్థలం అవుతుంది కదా. వాస్తు ప్రకారం ఇంకేం కావాలి. నేనైనా కొనేదాన్నే.

గజం_లెక్క | జూలై 19, రాత్రి 7:45

చివరికి నేనన్నదే అయింది, ఇంటికి సున్నా. ఆయన పడగొట్టేస్తాడు చూడండి.

ఈఎంఐ_బాధితుడు | జూలై 19, రాత్రి 8:10

బయానా ఇవ్వలేదు కదా, అది చాలు. అమ్మగారికి ఎలా ఉంది?

మూడో_అంతస్తు | జూలై 19, రాత్రి 9:00

ఇంకా మూడో అంతస్తులోనే. నెలాఖరుకి ఇదే బిల్డింగ్‌లో కింది పోర్షన్ ఖాళీ అవుతోంది, అద్దె రెండు వేలు ఎక్కువ, అందులోకి దిగుతున్నాం. వెతకడం మాత్రం ఆపలేదు. రేపు ఆదివారం నాగోల్ వైపు ఒకటి చూడ్డానికి వెళ్తున్నాం, 133 గజాలు అంటున్నారు. టేపు స్కూటీ డిక్కీలోనే ఉంది.